గర్భం ఏడో నెలలో బీపీ: ఇంటి రీడింగ్ నమ్మొచ్చా?

ప్రశ్న: ఆస్పత్రిలో 144/92. ఇంటి మిషన్‌లో ఒకసారి 128, ఇంకోసారి 150. బీపీ మాత్ర లాబెటలాల్ 100 రోజుకు రెండుసార్లు రాశారు. ఉప్పు పూర్తిగా మానేయాలా?

జవాబు: ముందు కఫ్ (జబ్బకు చుట్టే పట్టీ) చూడండి. జబ్బ చుట్టుకొలత 32 సెం.మీ. దాటితే మామూలు కఫ్ చాలదు, బీపీ ఎక్కువ చూపిస్తుంది. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. కఫ్ గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. బాగున్నది ఒక్కటే రాస్తే డాక్టరుకి ఉపయోగం లేదు.

జవాబు: ఉప్పు మానక్కర్లేదండీ, ఆవకాయ, అప్పడాలు తగ్గించండి చాలు. బీపీ దిగిందని మాత్ర సొంతంగా ఆపొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ అసలు వద్దు, కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి.

జవాబు: పైది 160 గానీ కిందిది 110 గానీ వస్తే 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉంటే రీడింగ్ ఎంతున్నా ఆస్పత్రికే.