క్లెరిక్‌ను ఎవరో ఒకరు ఆడాల్సిందేనా? అసలు ఆటలో క్లాసులు ఎందుకు?

గుత్తి_కోట (అనంతపురం):
మా టేబుల్ దగ్గర ఐదుగురం. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (తలా ఒక పాత్ర తీసుకుని మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట) కొత్త కథ మొదలుపెట్టిన ప్రతిసారీ ఒకటే గొడవ: "క్లెరిక్ ఎవరు?" అంటే, గాయాలు మాన్పే పూజారి పాత్ర. ఎవరికీ ఇష్టం ఉండదు. చివరికి మెతకగా ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది.

గొడవకు మూలం క్లాసులే, అంటే పాత్రకు ముందే కట్టేసే వృత్తులే అంటాను. 1978లో వచ్చిన ఇలాంటి మరో ఆట రూన్‌క్వెస్ట్‌లో క్లాసులే లేవు. ఏ పని చేస్తే ఆ నైపుణ్యం పెరుగుతుంది. మంత్రాలు కూడా దాదాపు అందరూ నేర్చుకోవచ్చు కాబట్టి గాయాలు మాన్పే బాధ్యత ఒక్కరిదే కాదు. మనుషులు బతికేదీ అలాగే కదా. మా నాన్న వేరుశనగ వేస్తాడు, బోరు మోటారు బాగు చేస్తాడు, పెళ్లిళ్లలో వంటకూ నిలబడతాడు. ఆయన ఏ క్లాస్?

బురుజు_పక్కన (కర్నూలు):
అన్నా, మీ నాన్నగారు ఆ పనులన్నీ ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్నారు. ఆటకు కొత్తగా వచ్చిన మనిషికి మాత్రం తానెవరో మొదటి అరగంటలోనే తెలియాలి. మా చిన్నాన్న కూతురు ఎండాకాలం సెలవుల్లో మాతో కూర్చుంది. నైపుణ్యాల పట్టిక ఇచ్చి పాయింట్లు పంచుకోమంటే కాసేపు చూసి కాగితం పక్కన పెట్టేసింది. మరుసటి వారం "నువ్వు రోగ్" (దొంగ తరహా క్లాస్) అని ఒక్క మాట చెప్పాను. "అయితే ఆ పెట్టె తాళం నేను తీయొచ్చా?" అని వెంటనే అడిగింది. ఆట అక్కడే మొదలైంది.

మన వైపు తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. రామాయణం ఆడినా భారతం ఆడినా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. తెర మీద కనపడగానే వాళ్ల పనేమిటో జనానికి తెలిసిపోతుంది. కానీ ఆ రాత్రి ఏం మాట్లాడతారన్నది ఆడించేవాళ్ల చేతిలో ఉంటుంది. నా దృష్టిలో క్లాస్ కూడా అంతే. ఎవరో ముందే తెలుస్తుంది, ఏం చేస్తారో తెలియదు.

మీరు చెప్పిన బాధ మాత్రం నిజం. అయితే అది క్లాస్ వల్ల వచ్చింది కాదు, గుంపులో ఆ క్లాస్‌కు మనం అంటగట్టిన చాకిరీ వల్ల వచ్చింది. ఈ రెండింటినీ కలిపేస్తున్నాం. 1974లో ఆట మొదటిసారి అచ్చయినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు: యోధుడు, మంత్రగాడు, క్లెరిక్. దొంగ 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చాడు. ఆ మొదటి పుస్తకంలో మొదటి లెవెల్ క్లెరిక్‌కు ఒక్క మంత్రం కూడా లేదు! కవచం తొడుక్కుని గద పట్టుకుని ముందు నిలబడేవాడు, లేచి వచ్చిన శవాలను తరిమేవాడు. వెనక నిలబడి కట్లు కట్టే మనిషిగా మొదలవలేదు.

2008లో నాలుగో ఎడిషన్ ఈ పాత్రలకు పేర్లు పెట్టేసింది: డిఫెండర్ (అడ్డు నిలిచేవాడు), స్ట్రైకర్ (గట్టిగా కొట్టేవాడు), లీడర్ (తోటివాళ్లకు నయం చేసి బలమిచ్చేవాడు, క్లెరిక్ ఇందులోకే వస్తాడు), కంట్రోలర్ (శత్రువులను అదుపు చేసేవాడు). ఆటను యంత్రంలా చేశారని చాలామందికి కోపం వచ్చింది. కానీ అందులో ఒక మంచి పని జరిగింది, దాన్ని ఎవరూ మెచ్చుకోరు. క్లెరిక్ తన వంతులో చిన్న చర్యతో ఒకరికి నయం చేసి, అదే వంతులో శత్రువును కొట్టొచ్చు. పైగా ఎవరి గాయాన్ని వాళ్లు కొంత తట్టుకునే వీలు అందరికీ ఇచ్చారు. 2014 ఎడిషన్‌లో ఆ పేర్లు పోయినా హీలింగ్ వర్డ్ మంత్రం ఆ పద్ధతిని కొంత నిలబెట్టింది.

ఇది నాకెందుకింత ముఖ్యమంటే, మా టేబుల్‌లో ఒకతను మూడు ఆదివారాలు క్లెరిక్ ఆడాడు. మూడో ఆదివారం గమనించాను. దాదాపు ప్రతి వంతూ "ఇతనికి నయం చేస్తున్నా" అనడంతోనే అయిపోయింది. నాలుగో వారం రాలేదు. ఆట నడిపింది నేనే. ఆ తప్పు నాది.

పెన్నా_గట్టు (కడప):
నేను చెప్పాలనుకున్నది మీ చివరి మాటలోనే ఉంది. క్లెరిక్ తప్పనిసరా కాదా అన్నది డీఎం (ఆట నడిపే మనిషి) చేతిలో ఉంటుంది. మేము గండికోట లాంటి కోటను గీసుకుని ఆడాం. ఒకవైపు లోయ, లోపల పెద్ద ధాన్యాగారం. ఇద్దరు రోగ్‌లు, ఒక ఫైటర్ (యోధుడు), అంతే. ఎదురుగా కొట్లాటకు దిగితే చస్తామని తెలుసు కాబట్టి దిగలేదు. రాత్రి తాడు కట్టుకుని లోయ వైపు నుంచి ఎక్కి ధాన్యాగారానికి నిప్పు పెట్టాం. అంత టెన్షన్ ఏ యుద్ధంలోనూ పడలేదు. వరసగా నాలుగు యుద్ధాలు పెట్టి "హీలర్ లేడేం?" అని అడిగితే ఎలా?

గుత్తి_కోట:
దీనికి ఒప్పుకుంటాను. తోలుబొమ్మల మాట కూడా నచ్చింది. కానీ క్లాసులు గీసే కంచె సంగతేమిటి? ఫైటర్ అన్నాక తాళం తీయకూడదా? మా నాన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

బురుజు_పక్కన:
2014 ఎడిషన్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఉన్నది అందుకే అన్నా. క్లాస్ ఏదైనా, పాత జీవితం నుంచి రెండు నైపుణ్యాలు వస్తాయి. నేరస్తుడి బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే ఫైటర్‌కు తాళాలు తీసే పనిముట్లూ వస్తాయి. మీ నాన్నగారికి అది చాలదు, నిజమే. అక్కడ మీ రూన్‌క్వెస్టే మేలు.

ఆ రానతనికి నిన్న ఫోన్ చేశాను. ఈసారి బార్బేరియన్ (ఆవేశంతో కొట్లాడే క్లాస్) ఆడతానన్నాడు, సరేనన్నాను. క్లెరిక్ లేకుండానే మొదలుపెడుతున్నాం. నయం చేసే మందు సీసా పుస్తకంలో 50 బంగారు నాణేలు. మా ఊరి అంగట్లో 25 చేశాను.