తెల్లకాగితం మీద రాసిన వీలునామా చెల్లుతుందా?

లంకగట్టు:
నమస్కారమండి. మా పెద్దనాన్న గారికి 81 ఏళ్లు. అమలాపురం పక్కన కొబ్బరితోట, ఆకివీడు వైపు లీజుకిచ్చిన చేపల చెరువు భూమి, ఒక డాబా ఇల్లు ఉన్నాయి. తోటలో కొంత వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది, మిగతాదంతా స్వార్జితం. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. చెయ్యి వణుకుతుంది గానీ మాట, జ్ఞాపకం బాగున్నాయి. స్టాంపు పేపరు ఉండాలని ఒకరు, నోటరీ చాలని ఒకరు, రిజిస్టర్ కాకపోతే చిత్తుకాగితమేనని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజమండి?

గునుపూడి వకీలు:
మూడూ తప్పేనండి. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. నోటరీ ముద్ర ఉన్నా లేకపోయినా తేడా రాదు. చట్టం చూసేది 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం జరిగిందా లేదా అనే. రాసిన వ్యక్తి సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యాలి. కనీసం ఇద్దరు సాక్షులుండాలి. ఆయన సంతకం చేస్తుంటే ప్రతి సాక్షీ కళ్లారా చూడాలి, లేదా "ఈ సంతకం నాదే" అని ఆయన నోటితో చెప్పగా వినాలి. ఆ తరవాత సాక్షి ఆయన ఎదుటే తన సంతకం చెయ్యాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో ఉండాలన్న నియమం లేదు. కానీ ఉంచండి, రేపు కోర్టులో ఇద్దరి మాటా ఒకేలా వస్తుంది.

ఎక్కువ వీలునామాలు పోయేది ఇక్కడే. పెద్దాయన సంతకం చేశాక కాగితం పట్టుకుని సాక్షి ఇంటికి వెళ్లి సంతకం చేయించుకొస్తారు. ఆ సాక్షి చూడనూ లేదు, విననూ లేదు, ఆయన ఎదుట సంతకమూ చెయ్యలేదు. క్రాస్ పరీక్షలో ఒక్క ప్రశ్నకి ఆ సంగతి బయటపడుతుంది, వీలునామా పడిపోతుంది. సొంత దస్తూరీతో మొత్తం రాసుకున్నా సాక్షులు తప్పరు.

దస్తావేజు రైటర్, రాజోలు:
సంతకాల దగ్గర ఎలా చేయించాలో చెబుతానండి. ముందు ముసాయిదా ఆయనకి చదివి వినిపించాలి. ఆస్తి తీసుకునేవాళ్లని ఆ గదిలో ఉండనివ్వకండి. చదివాక ఆయన్నే అడగాలి: తోట ఎవరికి, చెరువు ఎవరికి, ఇల్లు ఎవరికి అని. సాక్షుల ముందు ఆయనే చెప్పాలి.

చెయ్యి వణుకుతుంది అన్నారు కాబట్టి సంతకం పాత దస్తావేజుల్లో ఉన్నట్టు రాదు. రేపు "ఇది మా నాన్న సంతకమే కాదు" అనడానికి అదొక్కటి చాలు. అందుకని సంతకం చేయించి పక్కనే ఎడమచేతి బొటనవేలి ముద్ర కూడా వేయించండి. వేలిని ముందు పొడిగుడ్డతో తుడవాలి. ఇంకు పల్చగా పట్టించి, గోరు ఒక అంచు నుంచి రెండో అంచుకి ఒక్కసారే దొర్లించాలి. గట్టిగా అద్దితే గీతలన్నీ ఇంకులో కలిసిపోయి నల్లమచ్చ మిగులుతుంది, నిపుణుడు కూడా పోల్చలేడు. ముద్ర కింద ఎవరిదో పేరు రాయాలి.

ప్రతి పేజీలో సంతకం ఉండాలని చట్టం అడగదు. అయినా చేయించండి, మధ్య పేజీ మార్చేశారన్న మాట రాదు. పేజీలకి "4లో 1", "4లో 2" అని అంకెలు వెయ్యండి. ఆఖరి పేజీలో సంతకాలు మాత్రమే మిగలకూడదు, విషయం రెండు మూడు వాక్యాలైనా ఆ పేజీలో ఉండాలి. సంతకం పైన ఖాళీ ఉంటే అడ్డగీత కొట్టేయండి.

ఒక సంగతి. రాసిన రైటరు అడుగున "దస్తూరీ" అని సంతకం చేస్తే సాక్షి అయిపోడు. సాక్షిగా చూసి, సాక్షిగా సంతకం చేస్తేనే లెక్క. ఇద్దరు సాక్షులు రైటరు కాకుండా విడిగా ఉండాలి.

కాలవగట్టు:
ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉంటే వీలునామా మొత్తం చెల్లదు కదండీ?

గునుపూడి వకీలు:
అందరూ అలాగే అనుకుంటారండి. 67వ సెక్షన్ ప్రకారం సాక్షికి గానీ, సాక్షి భర్తకో భార్యకో గానీ రాసిన ఆస్తి మాత్రమే వాళ్లకి దక్కదు, మిగతా వీలునామా నిలుస్తుంది. ఆ సెక్షన్ హిందువుల వీలునామాలకి వర్తించదు. చట్టం మూడో షెడ్యూలులో హిందువులకి వర్తించే సెక్షన్ల జాబితా ఉంది, అందులో 67 లేదు. పెళ్లి చేసుకుంటే పాత వీలునామా రద్దవుతుందనే 69 కూడా లేదు. క్రైస్తవులకి ఈ రెండూ వర్తిస్తాయి, మన కోనసీమలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి గుర్తుంచుకోవాలి. ముస్లింల లెక్క వేరు: అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాటితే వారసుల సమ్మతి కావాలి.

హిందువులకి చెల్లుతుంది కదా అని కొడుకుని సాక్షిగా పెట్టకండి. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: లబ్ధి పొందేవాడే ముందుండి వీలునామా రాయించాడంటే అది అనుమానాస్పద పరిస్థితి, ఆ అనుమానం పోగొట్టే బరువు అతని మీదే పడుతుంది.

సాక్షుల వయసు కూడా చూడండి. 81 ఏళ్లాయన తన ఈడు స్నేహితుల్నే సాక్షులుగా పెడతారు. వీలునామా కోర్టుకెక్కే నాటికి ఆ ఇద్దరూ ఉండకపోవచ్చు. బతికున్న సాక్షుల్లో ఒక్కరినైనా విచారించాలి, ఇది వరకు సాక్ష్య చట్టం 68, ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమం 67. ఎవరూ దొరక్కపోతే ఒక సాక్షి దస్తూరీని, రాసినాయన సంతకాన్ని వేరేవాళ్ల చేత రుజువు చేయించుకోవాలి, అది చాలా కష్టం. నలభై, యాభై ఏళ్లవాళ్లు, ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లు మేలు. వైద్యం చేస్తున్న డాక్టరు గారు ఒక సాక్షిగా ఉంటే మతిస్థిమితం ప్రశ్నకి కూడా అక్కడే జవాబు దొరుకుతుంది.

సర్వే గొలుసు:
ఆస్తి వివరం గురించి నేను చెబుతానండి. చేపల చెరువు అంటే నాలుగైదు సర్వే నంబర్లు కలిపి గట్లు తీసేసి తవ్విందే అయ్యుంటుంది. "తూర్పున ఫలానావారి గట్టు" అని హద్దు రాస్తే ఆ గట్టు భూమ్మీద లేదు. సర్వే నంబరు, సబ్‌డివిజన్, ఎకరాలు సెంట్లలో విస్తీర్ణం, వచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం రాయండి. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరుతోపాటు ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఆ కమతానికి ఇచ్చిన కొత్త నంబరు) కూడా వెయ్యాలి. లేకపోతే రికార్డులో పేరు మార్పు, అంటే మ్యుటేషన్‌కి వెళ్లినప్పుడు వీలునామాలో నంబరు, 1బీ (రెవెన్యూ హక్కుల రికార్డు)లో నంబరు కలవవు. లంకభూమి ఏమన్నా ఉంటే గోదావరిని హద్దుగా రాసి ఊరుకోకండి, ఏరు ఒక వరదకి కోసుకుపోతుంది, ఇంకో వరదకి మేట వేస్తుంది.

చివర్లో "పైన చెప్పనివి, ఇకముందు సంపాదించేవి ఫలానావారికి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే మర్చిపోయిన ఆస్తి వీలునామా లేనట్టే పంచబడుతుంది: భార్య, కొడుకు, కూతుళ్లు, తల్లి ఉంటే తల్లి, అందరికీ సమానంగా.

గునుపూడి వకీలు:
తోట సంగతి మిగిలింది. "నాన్నగారి నుంచి వచ్చింది" అన్నంత మాత్రాన పిత్రార్జితం కాదు. ఆ నాన్నగారి స్వార్జితమై, 1956 తరవాత ఆయన వీలునామా లేకుండా పోతే, కొడుకుకి వచ్చిన వాటా కొడుకు సొంతం. అది మొత్తం రాసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే తన వాటా వరకే రాయగలరు, హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్. 2005 సవరణ తరవాత కూతుళ్లూ సమాన హక్కుదారులే కాబట్టి మీ పెద్దనాన్న గారి వాటా నాలుగో వంతు. మొత్తం కొడుక్కి రాసేస్తే ఆ నాలుగో వంతుకే పని చేస్తుంది. "కూతుళ్లకి పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అన్న వాక్యం వాళ్ల వాటాని తీసెయ్యలేదు. స్వార్జితంలో మాత్రం ఎవరికి ఇవ్వకపోయినా ఆయన ఇష్టమే, కారణం ఒక వాక్యంలో రాస్తే అనుమానం తగ్గుతుంది.

భార్యకి "జీవితాంతం అనుభవించి, తదనంతరం కొడుక్కి" అని మన వైపు రివాజుగా రాస్తారు. 1977 నాటి సుప్రీంకోర్టు తులసమ్మ కేసు చదివి రాయండి. భార్య పోషణ హక్కుకి బదులుగా ఇచ్చారని తేలితే, పరిమితి పెట్టినా హిందూ వారసత్వ చట్టం 14(1) కింద అది ఆమెకి సంపూర్ణ హక్కు అవుతుంది, ఆమె అమ్ముకోవచ్చు. అందుకని ఆమె పోషణకి వేరేగా ఏం ఏర్పాటు చేశారో స్పష్టంగా రాయాలి.

"ఈ రోజు నుంచి సర్వహక్కులూ మీకే" అన్న మాట పొరపాటున కూడా రాకూడదు. పైన వీలునామా అని పేరు పెట్టినా అది సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు) అయిపోతుంది, రిజిస్టర్ కాకపోతే దేనికీ పనికిరాదు. అన్ని హక్కులూ "నా తదనంతరం" అనే ఉండాలి.

కాలవగట్టు:
బ్యాంకు డిపాజిట్లకి కొడుకు నామినీ అయితే వీలునామాలో రాయక్కర్లేదా?

గునుపూడి వకీలు:
రాయాలండి. నామినీ బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునేవాడు మాత్రమే, హక్కుదారు ఎవరో వీలునామా చెబుతుంది. నామినీని, వీలునామాలో పేరుని ఒకటే ఉంచితే గొడవ ఉండదు.

దస్తావేజు రైటర్, రాజోలు:
రిజిస్ట్రేషన్ ఐచ్ఛికమైనా మీ కేసులో చేయించమంటాను. కదల్లేకపోతే అర్జీ పెడితే సబ్‌రిజిస్ట్రార్ గారు ఇంటికే వస్తారు. అక్కడ గుర్తింపు కోసం సంతకం చేసేవాళ్లు వీలునామా సాక్షులు కారు, ఆ ఇద్దరినీ ముందే వేరుగా చూసుకోవాలి. వీలునామా రిజిస్ట్రార్ ఆఫీసు 3వ పుస్తకంలో చేరుతుంది, ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కనిపించదు. ఆయన బతికుండగా నకలు ఆయనకి తప్ప ఎవరికీ ఇవ్వరు.

లంకగట్టు:
చాలా థాంక్సండి. రిజిస్టర్ చేశాక ఆయన మనసు మారితే?

గునుపూడి వకీలు:
ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. తరవాతి వీలునామా రిజిస్టర్ కాకపోయినా, 63 ప్రకారం జరిగితే రిజిస్టరైన పాతదాన్ని రద్దు చేస్తుంది. "ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు" అని మొదటి పేరాలోనే రాయించండి. పాత కాగితం మీద పెన్నుతో పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే మాత్రం చెల్లదు, ఆ దిద్దుబాటు పక్కన ఆయనా ఇద్దరు సాక్షులూ మళ్లీ సంతకాలు చేస్తే తప్ప. దానికన్నా కొత్తది రాయించడమే సుఖం.