అప్‌డేట్: అమెరికాలో ఉన్న మా తమ్ముడి విషయం

గే అని తెలిసి సొంతవాళ్లే చంపుతామన్న మా తమ్ముణ్ణి అమెరికా నుంచి వెనక్కి పంపకుండా ఆపగలమా అని గత వేసవిలో కడప నుంచి అడిగాను. మీరు చెప్పినట్లే వాడు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలిశాడు. అక్కడ అడుగుపెట్టిన ఏడాదిలోపు ఆశ్రయం కోరాలన్న గడువు ఎప్పుడో దాటిపోయింది కనుక, ఆ గడువు వర్తించని ‘విత్‌హోల్డింగ్ ఆఫ్ రిమూవల్’ను (ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న దేశానికి వెనక్కి పంపకుండా ఆపే రక్షణను) కూడా కోరారు, అయితే అందులో హింస జరగకపోవడం కన్నా జరిగే అవకాశమే ఎక్కువని నిరూపించాలి, పైగా అది గ్రీన్‌కార్డుకు దారి చూపదు.

అసలు చిక్కు మరొకటి. పెద్దల పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు ఇచ్చింది కనుక, ఇండియాలో ప్రమాదమేమిటని, వేరే ఊరికి వెళ్లి బతకవచ్చు కదా అని ప్రభుత్వ న్యాయవాది తప్పక అడుగుతారట. చట్టం మారింది గానీ మా పెదనాన్న కొడుకులు మారలేదు. బెంగళూరులో వాడి గది వెతికి పట్టుకొని మరీ కొట్టారు. ఫిర్యాదు తీసుకోకుండా పోలీసులు ‘ఇంటి గొడవ’ అని పంపేశారు.

ఆనాటి ఆసుపత్రి చీటీని, నేను చూసినది చూసినట్లు రాసి నోటరీ చేయించిన అఫిడవిట్‌ను, ఇంగ్లీషు అనువాదంతోనూ అనువాదకుని ధ్రువీకరణతోనూ గత వారం పంపాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. విచారణ మార్చిలో ఉంది.