తమ్ముడి మాత్ర ఆపించమంటున్నారు, ఏం చెయ్యాలి?

బీటీఎం అక్క: మా తమ్ముడికి హెరాయిన్ అలవాటు. బెంగళూరులోనే దాని బదులు డాక్టరు ఇచ్చే బుప్రెనార్ఫిన్ అనే మాత్ర మొదలుపెట్టారు. పొద్దున్నే నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా మాట్లాడడు, మంచినీళ్ళు కూడా ముట్టడు. మనిషి తేరుకున్నాడు, డ్యూటీకి వెళ్తున్నాడు. నాన్నేమో కర్నూలు నుంచి ఫోన్ చేసి "ఒక మత్తు మాన్పించి ఇంకోటి మప్పుతారా" అని ఒకటే గొడవ.

రవి_జయనగర్: అక్కా, దయచేసి ఆపించొద్దు. మీ నాన్నగారి మాటే అమెరికాలో దశాబ్దాలు నడిచింది. 1914లో మత్తుమందుల్ని కట్టడి చేసే హారిసన్ చట్టం వచ్చాక, అలవాటున్నవాళ్ళకి ఆ మత్తుమందు రాసిన డాక్టర్లని కూడా అరెస్టు చేశారు. 1935లో అక్కడి లెక్సింగ్టన్ ఊళ్ళో ఇలాంటివాళ్ళ కోసం సగం జైలు, సగం ఆసుపత్రిగా ఒకటి తెరిచారు, బయటికొచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ మొదటికే వచ్చారు. అక్కడ పనిచేసిన సైకియాట్రిస్ట్ మేరీ నిస్వాండర్, తర్వాత న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్ అనే డాక్టరుతో కలిసి హెరాయిన్ అలవాటున్నవాళ్ళకి దాని బదులు రోజూ మెథడోన్ అనే మందు ఇచ్చి చూస్తే, వాళ్ళు హెరాయిన్ కోసం తిరగడం మానేసి చదువుల్లో, ఉద్యోగాల్లో పడ్డారు. 1965లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

సుజాత: బుప్రెనార్ఫిన్ ఒక స్థాయి దాటాక డోసు పెంచినా మత్తు పెరగదండీ, హెరాయిన్‌కీ దీనికీ అసలు తేడా అదే. సడన్‌గా ఆపితే ప్రమాదం: శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, మళ్ళీ హెరాయిన్ పాత మోతాదులోనే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. నాన్నగారికి ముందు ఈ ఒక్క ముక్క చెప్పండి.

బీటీఎం అక్క: థాంక్సండీ. ఈసారి డాక్టరు దగ్గరికి నాన్నని కూడా తీసుకెళ్తాను.