మోంటానాకు ముప్పై ఏళ్లు ఒకే సీటు: అన్యాయమా, లెక్క ప్రకారమేనా?

పటాలమనిషి:
అమెరికాలో మోంటానా రాష్ట్రం 1993 జనవరి నుంచి 2023 జనవరి దాకా ప్రతినిధుల సభకు ఒక్కరినే పంపింది. రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం. దాన్నే అక్కడ ఎట్ లార్జ్ అంటారు. అంతకుముందు 1919 నుంచి పడమర ఒకటి, తూర్పు ఒకటి ఉండేవి. 2022 ఎన్నికలతో మళ్లీ రెండయ్యాయి. మధ్యలో ఆ ముప్పై ఏళ్లు అక్కడి ఓటరుకు అన్యాయం జరిగిందనే నా వాదన.

2010 జనగణన చూడండి. సీట్ల పంపకానికి లెక్కలోకి తీసుకున్న జనాభా మోంటానాకు 9,94,416, రోడ్ ఐలండ్‌కు 10,55,247. తేడా అరవై వేల చిల్లర. రోడ్ ఐలండ్‌కు రెండు సీట్లు, అంటే సీటుకు 5,27,000 పైచిలుకు మంది. మోంటానాలో పది లక్షల మందికి ఒక్కడే. వైశాల్యం చూస్తే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద రాష్ట్రం అది. వాయవ్య మూల లిబ్బీకీ ఆగ్నేయ మూల ఎకలాకకూ ఒకే సభ్యుడు. ఇది న్యాయమని ఎవరైనా చెప్పగలరా?

శేషభాగం:
పటాలమనిషి గారూ, సీటు ఎలా పోయిందో చూడకుండా న్యాయాన్యాయాలు తేల్చలేం. 1990 జనగణన లెక్కే వేసి చూద్దాం.

ప్రతినిధుల సభలో సీట్లు 435, రాష్ట్రాలు 50. ముందు ప్రతి రాష్ట్రానికీ ఒక సీటు ఇచ్చేస్తారు. మిగతా 385 సీట్లకు వరస కడతారు. ఒక రాష్ట్రం తన రెండో సీటు అడగాలంటే జనాభాను 1×2 వర్గమూలంతో, తొమ్మిదో సీటుకైతే 8×9 వర్గమూలంతో భాగించాలి. వచ్చిన అంకె ఎవరిది పెద్దదైతే సీటు వాళ్లది. మోంటానా జనాభా 8,03,655, భాగిస్తే 5,68,270. వాషింగ్టన్ రాష్ట్రానిది 48,87,941, తొమ్మిదో సీటుకు 5,76,049. వాషింగ్టన్‌దే పైచేయి. 1941 నుంచి అన్ని రాష్ట్రాలకూ ఇదే సూత్రం. ఇందులో మోంటానా మీద ఎవరూ కక్ష కట్టలేదు.

పటాలమనిషి:
సూత్రం అందరికీ ఒకటే, నిజమే. కానీ ఆ సూత్రమే ఎందుకు? మోంటానా కోర్టుకెక్కింది సరిగ్గా ఆ ప్రశ్న మీదే. వర్గమూలానికి బదులు హరాత్మక సగటుతో (రెండు అంకెల లబ్ధానికి రెట్టింపును వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) భాగించే డీన్ పద్ధతిలో మోంటానా అంకె 6,02,741, వాషింగ్టన్‌ది 5,77,000 చిల్లర. రెండో సీటు దక్కేది. ముగ్గురు జడ్జీల జిల్లా కోర్టు ఇద్దరి మొగ్గుతో మోంటానా వైపే తీర్పిచ్చింది కూడా.

శేషభాగం:
1992 మార్చి 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. జస్టిస్ స్టీవెన్స్ రాసిన తీర్పులో గొడవ మొత్తం నాలుగు అంకెల్లో తేలిపోతుంది. మోంటానాకు ఒకటి, వాషింగ్టన్‌కు తొమ్మిది ఇస్తే సీటుకు 8,03,655, 5,43,105 మంది. మోంటానాకు రెండు, వాషింగ్టన్‌కు ఎనిమిది ఇస్తే 4,01,828, 6,10,993 మంది. తీసివేత చేస్తే మొదటి దాంట్లో తేడా 2,60,550, రెండో దాంట్లో 2,09,165. ఇలా చూస్తే మోంటానా మాటే నెగ్గాలి. కానీ ఆ తేడా చిన్న అంకెలో ఎంత శాతమో చూడండి: మొదటి దాంట్లో 48, రెండో దాంట్లో 52. తీసివేతతో కొలవాలా, నిష్పత్తితో కొలవాలా అన్నది రాజ్యాంగం చెప్పలేదు. ఆ ఎంపిక అమెరికా చట్టసభ కాంగ్రెస్‌దేనని కోర్టు వదిలేసింది. నాకైతే నిష్పత్తే సబబు. యాభై వేల తేడా నాలుగు లక్షల్లో పెద్దది, ఎనిమిది లక్షల్లో చిన్నది.

రాగిగని:
ఇద్దరూ 1990 దగ్గరే ఆగిపోయారు. మోంటానా ఎట్ లార్జ్ చరిత్రలో 1913–1919 కాలం వేరు, దాన్ని వదలకూడదు. 1889 నుంచి ఉన్నది ఒకటే సీటు. 1910 జనగణనతో రెండో సీటు వచ్చినా శాసనసభ వెంటనే సరిహద్దులు గీయలేదు. దాంతో 1912, 1914, 1916 ఎన్నికల్లో రెండు సీట్లకూ రాష్ట్రమంతా కలిసి ఓటేసింది. ఓటరుకు రెండు ఓట్లు, ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరు గెలిచినట్టు.

1916లో అధ్యక్ష పదవికి డెమొక్రాట్ విల్సన్ ఆ రాష్ట్రాన్ని గెలిచాడు. ప్రతినిధుల సభకు మొదటి స్థానంలో వచ్చినవాడూ డెమొక్రాట్, ఇవాన్స్. రెండో స్థానంలో రిపబ్లికన్ జానెట్ రాంకిన్. అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆవిడే. రెండో ఓటు చేతిలో ఉండబట్టే డెమొక్రాట్‌కు ఒకటి వేసినవాళ్లలో కొందరు ఆవిడకు ఇంకొకటి వేయగలిగారు. 1917లో శాసనసభ రాష్ట్రాన్ని రెండుగా చీల్చింది. ఆవిడ ఇల్లున్న పడమర డెమొక్రాట్ల కోట. 1918లో ఆ సీటు వదిలేసి సెనేట్‌కు పోటీ చేసి ఓడిపోయింది. గీత గీస్తే న్యాయం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఇది గమనించాలి.

పటాలమనిషి:
రాగిగని గారూ, ఆ మూడు ఎన్నికల్లో మిగతా రెండూ చెప్పండి. 1912లోనూ 1914లోనూ రెండు సీట్లూ డెమొక్రాట్లకే, ఇవాన్స్‌కూ స్టౌట్‌కూ పోయాయి. రెండు ఓట్ల పద్ధతిలో అసలు చిక్కు అదే. సగం కంటే కాస్త ఎక్కువున్న పార్టీ రెండు సీట్లూ ఎగరేసుకుపోతుంది. ఒకటికి మించి సీట్లున్న రాష్ట్రాలు విడివిడి నియోజకవర్గాలు గీయాల్సిందేనని 1967లో చట్టం చేశారంటే అందుకే.

ఒకే సీటున్నప్పుడూ ఇదే జబ్బు. 1992లో పడమర డెమొక్రాట్ పాట్ విలియమ్స్, తూర్పు రిపబ్లికన్ రాన్ మార్లనీ, ఇద్దరు సిట్టింగ్ సభ్యులు ఒక్క సీటుకు తలపడ్డారు. విలియమ్స్ స్వల్ప తేడాతో గెలిచాడు. ఆయన తప్పుకున్నాక 1997 నుంచి చివరిదాకా రిపబ్లికన్లే. 2020లో రోజెండేల్ గెలిచింది 56–44 తేడాతో. రెండుగా చీల్చగానే 2022లో పడమర రిపబ్లికన్ జింకీ దాదాపు మూడు శాతం తేడాతో గట్టెక్కాడు. పడమర ఓటు పోటాపోటీగా ఉందన్న సంగతి రాష్ట్రం మొత్తం లెక్కలో కనపడకుండా పోయింది.

సరిహద్దురాయి:
పడమరలో పోటీ గీత ఎక్కడ గీశారన్నదాని మీద ఆధారపడింది. గీసింది అయిదుగురి కమిషన్. నలుగురిని శాసనసభ నాయకులు నియమిస్తారు. అయిదో మనిషి మీద ఆ నలుగురూ ఒప్పుకోకపోతే రాష్ట్ర సుప్రీంకోర్టు నియమిస్తుంది. 2021 నవంబరులో పటం 3–2తో నెగ్గింది. బోజ్‌మన్ నగరం ఉన్న గాలటిన్ కౌంటీని పడమరలో పెట్టి, రాజధాని హెలెనాను తూర్పుకు పంపారు. హెలెనా పడమరకు వస్తే జనాభా సరిచేయడానికి ఇంకోచోట అంత మందినీ తూర్పుకు తోయాలి. ఎవర్ని తోస్తారన్న దగ్గరే పార్టీల పేచీ. ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతాలు, అక్కడి మాటలో రిజర్వేషన్లు, ఏడు. ఫ్లాట్‌హెడ్, బ్లాక్‌ఫీట్ పడమరలో పడ్డాయి, మిగతా అయిదూ తూర్పులో. ఎట్ లార్జ్‌లో ఆ ఓట్లన్నీ ఒకే చోట లెక్కకొచ్చేవి. 2018లో రిపబ్లికన్ జియాన్‌ఫోర్టే దాదాపు 51–46తో గెలిచినప్పుడు ఆ ఓట్లకు విలువుంది. ఇప్పుడు తూర్పులో ఆ అయిదింటి ఓటు ఫలితాన్ని కదిలించేంత కాదు.

శేషభాగం:
ఇన్ని చెప్పాక కూడా సభ సైజు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1911 చట్టంలో అనుకున్న 435 దగ్గరే సభ ఆగిపోయింది. సీటుకు దేశ సగటు ఏడు లక్షల మంది దాటాక, పది లక్షల రాష్ట్రానికి ఒకటిచ్చినా తప్పే, రెండిచ్చినా తప్పే. మన లోక్‌సభలో అరవై లక్షలకు మించని రాష్ట్రాలకు రాజ్యాంగం 81వ అధికరణం నిష్పత్తి నియమం నుంచి మినహాయింపు ఇచ్చింది. సిక్కిం, మిజోరం, నాగాలాండ్ ఒక్కో సీటుతో నడుస్తున్నాయి. అమెరికాలో రాష్ట్రానికి కనీసం ఒకటి అన్నది తప్ప వేరే మినహాయింపు లేదు. మోంటానాకు నిజంగా మేలు చేయాలంటే సీట్ల సంఖ్య పెంచమనాలి.

పటాలమనిషి:
పెంచమనే నేనూ అంటాను. కానీ అది కాంగ్రెస్ చేయాలి. ఈలోపు 2030 జనగణనలో మోంటానా రెండో సీటు నిలబడాలంటే పని రాష్ట్రం చేతిలోనే ఉంది: రిజర్వేషన్లలో, ఊళ్లకు దూరంగా ఉన్న పశువుల రాంచ్‌ల మీద ఒక్క ఇల్లూ వదలకుండా లెక్కించడం.