పాట పాడి ఎత్తిన చిట్టీకి అసలు వడ్డీ ఎట్ల తీయాలె?

హన్మకొండల డిగ్రీ ఎకనామిక్స్, పేదోళ్లకే అప్పు ఎందుకు పిరమైతదో అని సెమినార్ ఇయ్యాలె. 3 రూపాల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, సులువే. 12 శాతం ఫ్లాట్ (మొదట తీసుకున్న మొత్తం మీదనే చివరిదాంక వడ్డీ) అని 24 నెలలకు ఇచ్చే లోన్‌కు ఎక్సెల్‌ల రేట్ ఫార్ములా పెడితే అసలు వడ్డీ దాదాపు 21.6 వచ్చింది, క్లాసుల ఇది తప్పక చూపియ్యాలె, ఎందుకంటే సంతకం పెట్టేటోళ్లకు ఆ 12 ఒక్కటే చెప్తరు.

చిట్టీ కాడనే ఆగిపోయిన. లక్ష చిట్టీ, 20 మంది, 20 నెలలు. 5వ నెల 25 వేల లాస్‌కు పాడితే చేతికి 75 వేలు, ఆ నెల కిస్తీ 4 వేలు పోతే మిగిలేది 71 వేలు. డివిడెండ్ (పాటల పోయిన లాస్‌ల అందరికి పంచే వాటా) వల్ల కిస్తీ నెలనెలకు మారుతది కాబట్టి రేట్ పనిచేయదు, అందుకే ఐఆర్‌ఆర్ (నెలనెలకు వచ్చిన, కట్టిన పైసల నుంచి వడ్డీ రేటు తీసే ఎక్సెల్ ఫార్ములా) పెట్టిన. గెస్ (ఎక్సెల్ లెక్క మొదలుపెట్టే అంచనా రేటు) ఖాళీగ వదిలితే నెలకు 3 శాతం లోపు చూపిస్తుంది, అదే 0.5 పెడితే 60 దాటుతుంది! కిస్తీలన్నీ మైనస్‌ల, 5వ నెల ఒక్కటే ప్లస్‌ల పెట్టిన, మళ్ల మళ్ల చెక్ చేసిన, ఎంట్రీలు కరెక్టే. ఎత్తకముందు కట్టిన నాలుగు కిస్తీలు తీసేసి చూద్దామంటే ఆ పైసలు కూడ చిట్టీ ఎత్తినామెవే కదా, లెక్క తప్పైతదని భయం.

36, 21.6 పక్కన పెట్టి పోల్చడానికి ఈ రెండు జవాబుల్ల ఏది తీసుకోవాలె, ఎందుకు?