జగదీశ్ చంద్ర బోస్ రేడియో కనిపెట్టాడు అని సైన్స్ ఫేర్ చార్ట్ మీద రాయొచ్చా?

శ్రావణమేఘం:
అందరికీ నమస్కారం అండి. మా అబ్బాయి తొమ్మిదో క్లాసు, స్కూల్ సైన్స్ ఫేర్‌కి జగదీశ్ చంద్ర బోస్‌ని ఎంచుకున్నాడు. "రేడియో కనిపెట్టింది బోసే, మార్కొనీ దొంగిలించాడు" అని ఎవరో వాట్సాప్‌లో పంపితే అదే హెడ్డింగ్ పెడతానని పట్టుబడుతున్నాడు, నాకేమో జడ్జిగా వచ్చే మాస్టారు అడిగితే వీడు ఏం చెప్తాడా అని భయంగా ఉంది. ఇంకోటి, ఒట్టి చార్ట్ కాకుండా చేతితో చేసి చూపించేది ఏదైనా ఉండాలట. బోస్ చేసినవాటిలో ఇంట్లో చేయగలిగేవి ఉన్నాయా? నేను కామర్స్ వాడిని, దయచేసి కొంచెం విడమరిచి చెప్పండి.

తీగలు_తరంగాలు:
దొంగిలించాడు అన్న మాట తీసేయించండి అన్నా. జరిగింది చెప్తే చాలు, అదే చాలా పెద్దది. రేడియో తరంగాలు ఉన్నాయని ప్రయోగం చేసి చూపించింది జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్, 1887-88 ప్రాంతంలో. బోస్ 1894లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో మొదలుపెట్టాడు, 1895లో కలకత్తా టౌన్ హాల్లో జనం ముందు తీగ లేకుండా దూరంగా ఉన్న గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించాడు, ఆ తరంగాలు మధ్యలో గోడలు దాటి వెళ్ళాయి. తర్వాత 1899లో ఇనుము-పాదరసం కోహెరర్ గురించి లండన్‌లోని శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీకి రాశాడు. కోహెరర్ అంటే తరంగం వచ్చి తగిలిందని పసిగట్టే పరికరం. ఇటలీ వాడైన మార్కొనీ 1901 డిసెంబర్లో ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్లాండ్‌లో అట్లాంటిక్ అవతలి సిగ్నల్ విన్నప్పుడు వాడింది కూడా పాదరసం కోహెరరే, దాన్ని ఇటాలియన్ నేవీ కోహెరర్ అన్నారు, డిజైన్ చూస్తే బోస్ రెండేళ్ళ ముందు అచ్చు వేసిందానికి బాగా దగ్గర. కానీ వందల మైళ్ళు కబురు పంపే వ్యవస్థ కట్టాలని, దాన్ని వ్యాపారం చేయాలని తిరిగింది మార్కొనీ. బోస్ చూపు అటు లేదు, ఈ తరంగాలు వెలుతురు లాగే నడుస్తాయా అన్నదే ఆయన ప్రశ్న.

నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చేది ఇదే. అందరూ పొడుగు తరంగాల వెంట పడితే ఆయన 5 మిల్లీమీటర్ల దాకా కుదించాడు, అంటే 60 గిగాహెర్ట్జ్, సెకనుకి ఆరు వేల కోట్ల ఊపులు. తరంగం పొట్టిదైతే అద్దాలు, పట్టకాలు, లెన్సులు అన్నీ ఒక బల్ల మీద పట్టేస్తాయి. ఇప్పుడు 5జీలో మిల్లీమీటర్ వేవ్ అంటున్నారే, ఆ ప్రాంతంలో ఆయన 1890ల్లోనే పని చేశాడు.

మీ వాడికి ఈ రెండూ చెప్పండి, కళ్ళు మెరుస్తాయి చూడండి. పోలరైజర్, అంటే ఒకే దిశలో ఊగే తరంగాన్ని మాత్రం వదిలే జల్లెడ లాంటిది, కావాల్సి వచ్చి రైల్వే టైమ్ టేబుల్ పుస్తకం తీసుకుని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టాడు, రేకులకి సమాంతరంగా ఊగే తరంగం ఆగిపోతుంది, అడ్డంగా ఊగేది దాటిపోతుంది, పోలరైజర్ అయిపోయింది! ఇంకోసారి జనపనార పేని దాని మధ్యలోంచి తరంగం పంపితే, కుడివైపు పేనినదానికి ఒక దిక్కుకి, ఎడమవైపు పేనినదానికి ఇంకో దిక్కుకి తరంగం ఊగే దిశ తిరిగింది. బెంగాల్లో దొరికే నారతో 1898లో చేసిన పని ఇది.

పాతపుస్తకం:
పై వారు బాగా చెప్పారు. నేను ఆయన జీతం సంగతి చెప్తాను, ఎందుకంటే పిల్లలకి దీన్ని ఒక్క లైన్లో చెప్పి దాటేస్తారు. 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరితే, భారతీయుడు కాబట్టి ఇంగ్లీషు ప్రొఫెసర్ కంటే తక్కువ జీతం అన్నారు. ఆయన పాఠం మానలేదు, జీతం ముట్టుకోలేదు, మూడేళ్ళు! ఇంటి మీద నాన్నగారి అప్పులు కూడా ఉన్నాయి అప్పుడు. చివరికి పూర్తి జీతం బకాయిలతో సహా ఇచ్చారు, దాంతో ఆ అప్పులు తీర్చాడు. ల్యాబ్ అంటూ సరైనది లేదు, స్నానాల గది పక్కన చిన్న గది, పరికరాలు చేయడానికి ఒక రేకు పనివాడికి తనే నేర్పించుకున్నాడు. పెద్ద ల్యాబ్ లేదని మనం ఆగిపోతుంటాం కదా, నాకైతే ఆ రేకు పనివాడి చేయి కూడా బోస్ పరిశోధన పేపర్లలో ఉందనిపిస్తుంది.

వాళ్ళ నాన్న డిప్యూటీ మేజిస్ట్రేట్ అయ్యుండి కూడా కొడుకుని ముందు బెంగాలీ బడికే పంపాడు, అక్కడ పక్కన కూర్చుంది జాలరి కొడుకు. చేపల గురించి, మొక్కల గురించి ఆ కథలు విన్న పిల్లాడే తర్వాత మొక్కలకి యంత్రాలు చేశాడు.

పేటెంట్ల మీద ఆయనకి ఇష్టం లేదు, వివేకానందుని శిష్యురాలు సోదరి నివేదిత, అమెరికా స్నేహితురాలు సారా బుల్ పట్టుబడితే ఒకటి తీశారు. 1904లో అమెరికాలో వచ్చింది, గెలీనా అనే సీసం ఖనిజాన్ని తరంగాలు పట్టే డిటెక్టర్‌గా వాడటం మీద. సెమీకండక్టర్ (ఇప్పటి చిప్పుల్లో వాడే అర్ధవాహకం) పరికరానికి వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి.

ఎర్రమట్టి:
అండి, నేను వ్యవసాయం చదువుతున్నాను, చేసి చూపించాలంటే క్రెస్కోగ్రాఫ్ తీసుకోండి. మొక్క ఎదుగుదలని కంటికి కనపడేంత పెద్దది చేసే పరికరం. బోస్ రెండు లివర్లు, అంటే మీటలు, కలిపాడు, ఒకటి వంద రెట్లు, దాని మీద ఇంకొకటి వంద రెట్లు, మొత్తం పది వేల రెట్లు. ఇంట్లో ఒక్క లివర్ చాలు. చీపురు పుల్లకి ఒక చివరి నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర గుండుసూది గుచ్చి ఊగేలా పెట్టండి, అవతలి వైపు 20 సెంటీమీటర్లు ఉండాలి. చిక్కుడు మొలక కొసకి సన్నటి దారం కట్టి పైన ఆ పొట్టి చివరకి కట్టండి. మొక్క 1 మిల్లీమీటర్ పెరిగితే పొడుగు చివర 10 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. ఒక్క జాగ్రత్త, పొడుగు వైపు బరువు ఎక్కువైతే మొలకని వేళ్ళతో సహా పీకేస్తుంది, పొట్టి వైపు మట్టి ముద్ద పెట్టి తూకం సరిచేయండి.

మొక్కలకి మనసుంది, ఏడుస్తాయి అని మాత్రం చార్ట్ మీద రాయనివ్వకండి. అత్తిపత్తి ముట్టుకుంటే లోపల విద్యుత్ సంకేతం పరుగెడుతుంది, అది నిజం, ఆయన కొలిచాడు. మనిషిలా బాధపడుతుందని అర్థం తీయడం వేరే సంగతి.

శ్రావణమేఘం:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న పుల్ల కట్టాం, చివర స్కెచ్ పెన్ను రీఫిల్ కూడా పెట్టాడు, గీత దానంతటదే పడుతుందని. కానీ కాగితానికి రాసుకుని అక్కడే ఆగిపోతోంది.

ఎర్రమట్టి:
అదే చిక్కు ఆయనకీ వచ్చింది! రాపిడికి ఆ చిన్న కదలిక చచ్చిపోతుంది. అందుకే మసి పట్టించిన గాజు పలకని గడియారం యంత్రంతో ముందుకీ వెనక్కీ ఊపాడు, పలక అప్పుడప్పుడు మాత్రమే ముల్లుకి తగిలి చుక్క పడుతుంది, మిగతా టైమంతా ముల్లు గాల్లోనే ఉంటుంది. మీరు రీఫిల్ తీసేసి వెనక గ్రాఫ్ కాగితం అంటించండి, గంటకోసారి పుల్ల చివర ఎక్కడుందో పెన్సిల్‌తో చుక్క పెట్టమనండి.

శ్రావణమేఘం:
పెట్టాడండి. రాత్రి పదికి ఒక చుక్క, పొద్దున ఆరింటికి లేవగానే ఇంకో చుక్క, మధ్యలో 3 సెంటీమీటర్లు ఉంది, అంటే మొలక 3 మిల్లీమీటర్లు పెరిగినట్టు. పళ్ళు కూడా తోమకుండా స్కేల్ పట్టుకుని కూర్చున్నాడు. మార్కొనీ హెడ్డింగ్ తనే కొట్టేశాడు, దాని బదులు "10 రెట్లు" అని పెద్దగా రాసి కింద పుల్ల బొమ్మ వేశాడు. ఇప్పుడు రెండో పుల్ల కలిపితే 100 వస్తుందా, దారం బదులు తల వెంట్రుక కట్టొచ్చా అని అడుగుతున్నాడు, కొంచెం చెప్పండి.